పిస్ట్ స్కీనా, ఆల్ మౌంటెన్ స్కీనా? జవాబు చరిత్రలో ఉంది

ఈ ఎపిసోడ్ మొత్తం మంచు గురించే. మన తెలుగు రాష్ట్రాల్లో మంచు ఎక్కడ పడుతుంది, లంబసింగి చలికే మనం సెల్ఫీలు దిగుతాం కదా అంటారేమో. కానీ డెన్వర్‌లో, సియాటెల్‌లో, మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళు చలికాలం వస్తే వీకెండ్‌కి కొండ ఎక్కేస్తున్నారు. రెండు సీజన్లు అద్దె స్కీలతో నేర్చుకుంటారు. పడకుండా దిగడం, వంపులు తిరగడం వస్తుంది. ఇక సొంత జత కొనుక్కుందామని షాపుకి వెళ్తారు. అక్కడ మొదటి ప్రశ్నే, "పిస్ట్ కావాలా, ఆల్ మౌంటెన్ కావాలా?"

ముందు మాటలు తేల్చుకుందాం. పిస్ట్ అనేది ఫ్రెంచి మాట. మెషీన్‌తో నొక్కి, చదును చేసి, గుర్తులు పెట్టిన మంచు దారి అన్నమాట. ఆ దారి కోసం చేసినవి పిస్ట్ స్కీలు. పాదం కింద సన్నగా, సుమారు 65 నుంచి 80 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. ఆల్ మౌంటెన్ స్కీలు ఇంకాస్త వెడల్పు, సుమారు 80 నుంచి 100 దాకా. చదును చేసిన దారి మీదా, చెయ్యని చోటా రెండింటా నడుస్తాయని చెబుతారు.

ఇలా వింటే ఎవరైనా ఏమంటారు? "రెండింటా నడిచేదే ఇచ్చెయ్యండి" అంటారు. చాలామంది అలాగే కొంటున్నారు కూడా. ఆ తొందర ఎందుకు వద్దో అర్థం కావాలంటే, అసలు ఈ రెండు రకాలు ఎందుకు విడిపోయాయో తెలియాలి. ఆ కథ చెబుతాను. డబ్బు ఒక్కటే కాదు, వచ్చే మూడు నాలుగేళ్ళు మీరు ఏం నేర్చుకుంటారు, మీ మోకాళ్ళు ఎలా ఉంటాయి అన్నది కూడా ఈ ఎంపిక మీద ఆధారపడి ఉంది.

ఒకే చెక్క, మొత్తం కొండ

స్కీ అనే మాట పాత నార్స్ భాష నుంచి వచ్చింది. అర్థం చీల్చిన చెక్క ముక్క. స్వీడన్‌లో కాల్వ్‌ట్రెస్క్ అనే చోట 1924లో బయటపడిన స్కీ వయసు 5,000 ఏళ్ళు దాటింది. అంటే వేల ఏళ్ళ పాటు స్కీ ఆట వస్తువు కాదు. వేటకి వెళ్ళాలన్నా, కట్టెలు తేవాలన్నా, పక్క ఊరికి పోవాలన్నా అదే బండి. ఎక్కడం, నడవడం, దిగడం అన్నీ దాంతోనే. ఒక రకంగా ప్రతి స్కీ ఆల్ మౌంటెన్ స్కీయే, వేరే రకం లేదు కాబట్టి.

మార్పు నార్వేలో మొదలైంది. టెలిమార్క్ ప్రాంతంలో మోర్గెడాల్ అనే పల్లె. అక్కడ 1825లో పుట్టిన సోండ్రే నోర్‌హైమ్ ఒక పేద కౌలు రైతు. ఆయన స్కీలకి రెండు ప్రత్యేకతలు. ఒకటి, చెట్టు కొమ్మలని మెలిపెట్టి మడమ చుట్టూ కట్టిన పట్టీ. దాంతో కాలు స్కీ మీద నిలిచింది, గెంతినా ఊడిపోలేదు. రెండోది స్కీ ఆకారం. రెండు చివర్లా వెడల్పు, మధ్యలో సన్నం. శివుడి చేతిలో డమరుకాన్ని బాగా సాగదీస్తే ఎలా ఉంటుందో అలా. దీన్నే సైడ్‌కట్ అంటారు. 1868లో క్రిస్టియానియాలో, అంటే ఇవాళ్టి ఓస్లోలో, జరిగిన పోటీకి 42 ఏళ్ళ నోర్‌హైమ్ వెళ్ళి గెలిచాడు. నగరం వాళ్ళు ఆయన వంపులు తిరగడం చూసి ఆశ్చర్యపోయారు. తర్వాత 1884లో అమెరికా వలస వెళ్ళి, నార్త్ డకోటాలో 1897లో చనిపోయాడు.

ఆ డమరుకం ఆకారాన్ని గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నార్వే కొండలు కాస్త మెత్తగా జారే వాలులు. ఆల్ప్స్ అలా కాదు, నిటారు. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ స్కీల మీద గ్రీన్‌లాండ్ దాటి, ఆ ప్రయాణం గురించి పుస్తకం రాశాడు. అది చదివిన ఆస్ట్రియావాడు మాథియాస్ ఝ్దార్‌స్కీ నార్వే నుంచి స్కీలు తెప్పించుకున్నాడు. తన ఊరు లిలియన్‌ఫెల్డ్ దగ్గర కొండ మీద అవి అదుపులోకి రాలేదు. దాంతో పొట్టి స్కీ చేసుకున్నాడు, కాలి పట్టీ మార్చాడు, నిటారు వాలుకి తగ్గ పద్ధతి తయారు చేసి 1896లో పుస్తకం వేశాడు. చూశారా, మనిషి అదే, సరదా అదే. కొండ మారేసరికి స్కీ మారింది.

లిఫ్ట్ వచ్చింది, మంచు గట్టిపడింది

అప్పటిదాకా కొండ దిగాలంటే ముందు మీ కాళ్ళతో మీరే ఎక్కాలి. మూడు గంటలు ఎక్కితే పది నిమిషాలు దిగుడు. రోజుకి ఒకటో రెండో సార్లు. అందువల్ల మంచు ఎప్పుడూ తాజాగానే ఉండేది, తొక్కేవాళ్ళు ఎవరున్నారని?

1934లో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఎర్నెస్ట్ కాన్‌స్టామ్ అనే ఇంజినీరు మనుషుల్ని పైకి లాక్కెళ్ళే లిఫ్ట్ పెట్టాడు. 1936లో అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో కుర్చీ లిఫ్ట్ వచ్చింది. దాని కథ నాకు భలే ఇష్టం. యూనియన్ పసిఫిక్ రైల్వేలో పనిచేసే జేమ్స్ కరన్ అనే ఇంజినీరు, ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే కొక్కేల గొలుసు చూసి, గెల బదులు కుర్చీ తగిలిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. అదే చెయిర్‌లిఫ్ట్ అయింది.

ఇప్పుడు ఏమైంది? రోజుకి రెండుసార్లు దిగేవాడు ఇరవై సార్లు దిగుతున్నాడు. వందల మంది, అదే దారిలో. మెత్తటి మంచు నలిగి, రాత్రికి గడ్డకట్టి, పొద్దున్నే రాయిలా అవుతోంది. అందరూ ఒకే చోట తిరగడం వల్ల గుంటలు, గుట్టలు లేస్తున్నాయి. ఈ గుట్టలని మోగుల్స్ అంటారు.

గట్టి మంచు మీద చెక్క అంచు నిలవదు, జారిపోతుంది. ఈ సమస్యకి మందు అప్పటికే ఉంది. సాల్జ్‌బర్గ్‌కి చెందిన రుడాల్ఫ్ లెట్‌నర్ అనే అకౌంటెంట్ 1926లోనే స్కీ అంచుకి స్టీలు ముక్కలు బిగించి పేటెంట్ తీసుకున్నాడు. లిఫ్టులు పెరిగేకొద్దీ స్టీలు అంచు లేని స్కీ పనికిరాకుండా పోయింది.

గుట్టల సంగతి కొలరాడోలో తేలింది. వింటర్ పార్క్ అనే రిసార్ట్‌ని నడిపిన స్టీవ్ బ్రాడ్లీ 1950 దశకం మొదట్లో మంచుని గీకి, నొక్కే ఒక రోలర్ తయారు చేశాడు. దానికి ఇంజిన్ లేదు. ఒక మనిషి స్కీల మీద ముందు దిగుతుంటే ఆ బరువైన యంత్రం వెనక దొర్లుతూ వస్తుంది. తలుచుకుంటేనే భయం వేస్తుంది. తర్వాత ఆ పనిని పెద్ద పెద్ద గొలుసు చక్రాల బళ్ళు తీసుకున్నాయి. ఇవాళ మీరు పొద్దున్నే కొండ మీద చూసే సన్నటి చారల మంచు ఆ బళ్ళు రాత్రంతా తిరిగి చేసిన పనే.

అంటే పిస్ట్ అనేది ప్రకృతిలో లేదు. లిఫ్టూ, గ్రూమింగ్ బండీ కలిసి చేసిన రోడ్డు అది. రోడ్డు వచ్చాక రోడ్డుకి తగ్గ బండి రావాలి కదా.

మధ్యస్థాయి వాళ్ళని గెలిపించిన ఇంజినీర్లు

1947లో హోవర్డ్ హెడ్ అనే విమానాల ఇంజినీరు స్కీయింగ్‌కి వెళ్ళాడు. సరిగ్గా రాలేదు. మనలో చాలామందిలాగే పరికరాన్ని తిట్టాడు. తేడా ఏంటంటే, ఊరికే తిట్టి వదల్లేదు. విమానాలకి వాడే పద్ధతిలో అల్యూమినియం రేకుల మధ్య తేలికైన పదార్థం పెట్టి స్కీలు చేశాడు. అవి విరిగాయి. మళ్ళీ చేశాడు, మళ్ళీ విరిగాయి. ఎన్నో నమూనాలు పోయాక, లోపల ప్లైవుడ్ పెట్టి 1950లో హెడ్ స్టాండర్డ్ తెచ్చాడు. అది ఎంత తేలిగ్గా తిరిగేదంటే జనం వాటికి "చీటర్స్" అని పేరు పెట్టారు. కష్టపడి నేర్చుకోవాల్సిన విద్యని ఇది మోసంతో ఇచ్చేస్తోందని వెక్కిరింపు. మామూలు జనం మాత్రం క్యూ కట్టి కొన్నారు.

ఇంత మారినా సైడ్‌కట్ మాత్రం నోర్‌హైమ్ కాలం నుంచి పెద్దగా ముందుకి జరగలేదు. 1980ల్లో కూడా మగవాళ్ళు 2 మీటర్లు దాటిన స్కీలు వాడేవాళ్ళు. చెయ్యి పైకెత్తితే మణికట్టు దాకా రావాలని లెక్క. వాటి సైడ్‌కట్ లోతు 7 మిల్లీమీటర్ల దగ్గర ఉండేది. అప్పుడు స్లొవేనియాలో ఎలాన్ కంపెనీ ఇంజినీర్లు యూరీ ఫ్రాంకో, పావెల్ ష్కోఫిత్స్ ఆ లోతుని 20 మిల్లీమీటర్లు దాటించారు. ఎస్‌సీఎక్స్ అనే పేరుతో 1993లో అది మార్కెట్లోకి వచ్చింది.

ఈ 7కీ 20కీ తేడా ఎంతో చిన్న లెక్క వేద్దాం. భయపడకండి, బీటెక్ అక్కర్లేదు. స్కీ మంచుకి తగిలే పొడవుని వర్గం చేసి, సైడ్‌కట్ లోతుకి 8 రెట్లతో భాగిస్తే, ఆ అంచు ఎంత పెద్ద వృత్తంలో భాగమో దాదాపుగా వస్తుంది. పాత స్కీ తగిలే పొడవు 1.85 మీటర్లు, లోతు 7 మిల్లీమీటర్లు అనుకోండి. వృత్తం వ్యాసార్థం 61 మీటర్లు. ఇప్పటి పిస్ట్ స్కీకి తగిలే పొడవు 1.5 మీటర్లు, లోతు 21 మిల్లీమీటర్లు. వ్యాసార్థం 13 మీటర్లు. స్కీని పక్కకి వంచి అంచు మీద నిలబడితే చాలు, ఆ వృత్తం ఇంకా చిన్నదవుతుంది. 60 డిగ్రీలు వంచితే సగమవుతుంది.

దీనివల్ల ఏమవుతుంది? పాత స్కీతో వంపు తిరగాలంటే వెనక భాగాన్ని పక్కకి నెట్టి జారించాలి. స్కూటర్ వెనక బ్రేకు తొక్కి చక్రాన్ని ఈడ్చినట్టు. కొత్త స్కీని వంచితే అదే పట్టా మీద రైలులా వంపు తిరుగుతుంది. మొదటిది స్కిడ్, రెండోది కార్వ్. గట్టి మంచు మీద కార్వ్ చెయ్యడం అంతకుముందు బాగా తర్ఫీదు ఉన్న రేసర్లకే వచ్చేది. ఈ ఆకారం వచ్చాక మధ్యస్థాయి వాళ్ళకీ అందింది. కొన్నేళ్ళలోనే కంపెనీలన్నీ అటు తిరిగాయి. మనం ఇవాళ పిస్ట్ స్కీ అంటున్నది దీని వారసులనే.

రంపంతో కోసిన స్నోబోర్డు

ఇదే సమయంలో ఇంకో కథ నడుస్తోంది, దీనికి సరిగ్గా ఎదురు దిశలో.

లోతైన మెత్తటి మంచులో సన్నటి స్కీ మునిగిపోతుంది. స్నోబోర్డు వెడల్పుగా ఉంటుంది కాబట్టి తేలుతుంది. 1980ల చివర్లో ఆస్ట్రియాలోని అటామిక్ కంపెనీలో పనిచేసే రూపర్ట్ హ్యూబర్, స్నోబోర్డుని నిలువునా రెండుగా కోస్తే రెండు వెడల్పాటి స్కీలు అవుతాయి కదా అనే ఆలోచన చేశాడు. అక్కడి నుంచి పౌడర్ ప్లస్ అనే స్కీ వచ్చింది. నడుము దగ్గర 60ల్లో ఉండే కొలత 100 దాటేసింది. అది చూసి నిపుణులు నవ్వారు, "ఫ్యాట్ బాయ్స్" అన్నారు. ముందు కొన్నది ఎవరో తెలుసా? కెనడాలో హెలికాప్టర్‌లో కొండ మీదికి వెళ్ళి దిగే టూరిస్టులు. వయసు మళ్ళినవాళ్ళు, రోజంతా దిగే సత్తువ లేనివాళ్ళు. ఫ్యాట్ స్కీతో వాళ్ళు సాయంత్రం దాకా దిగారు. తర్వాత నవ్వినవాళ్ళూ అవే వేసుకున్నారు.

ఈ ఆలోచనని చివరి దాకా తీసుకెళ్ళినవాడు షేన్ మెకాంకీ. 1996లో అర్జెంటీనాలో ఒక బార్‌లో కూర్చుని, పేపర్ నాప్‌కిన్ మీద ఒక వింత స్కీ గీశాడు. నడుము దగ్గరే వెడల్పు, చివర్లు సన్నం. డమరుకానికి పూర్తిగా ఉల్టా. వంపు కూడా ఉల్టా, రెండు చివర్లూ పడవలా పైకి లేచి ఉంటాయి. మెత్తటి మంచు నేల లాంటిది కాదు, నీళ్ళ లాంటిది అన్నది ఆయన వాదన. 2001లో అలాస్కాలో నిజంగానే వాటర్ స్కీలకి బైండింగులు బిగించి కొండ దిగి చూపించాడు. 2002లో వోలాంట్ కంపెనీ స్పాచులా పేరుతో ఆ స్కీని తెచ్చింది. పడవలా లేచిన ఆ చివర్ని ఇప్పుడు రాకర్ అంటారు.

కానీ స్పాచులాతో గట్టి మంచు మీదికి వెళితే పట్టే ఉండదు. దమ్ము చక్రాల ట్రాక్టర్ గుర్తుందా? బురద పొలంలో దానికి సాటి లేదు. అదే ఇనుప చక్రాలతో తారు రోడ్డు ఎక్కితే? బండికీ నష్టమే, రోడ్డుకీ నష్టమే.

2000ల్లో కంపెనీలు ఈ రెండు కథల్నీ కలిపాయి. కార్వింగ్ స్కీ నుంచి సైడ్‌కట్, ఫ్యాట్ స్కీ నుంచి కాస్త వెడల్పు, మెకాంకీ నుంచి ముందు భాగంలో కొంచెం రాకర్. ఇవాళ్టి ఆల్ మౌంటెన్ స్కీ అంటే ఈ రాజీయే. మంచి రాజీ, కానీ రాజీ.

మరి మీరు ఏది తీసుకోవాలి?

ఈ చరిత్రలో ఒక విషయం నాకు మళ్ళీ మళ్ళీ కనిపించింది. హెడ్ స్టాండర్డ్, ఎస్‌సీఎక్స్, పౌడర్ ప్లస్ మూడూ ముందు మేలు చేసింది మధ్యస్థాయి స్కీయర్లకే. మూడూ పనిచేసింది ఎందుకంటే, ఆ మనిషి నిజంగా ఏ మంచు మీద నిలబడి ఉన్నాడో ఆ మంచుకి తగ్గట్టు చేశారు కాబట్టి. ఇవాళ ఇది తలకిందులవుతోంది. ఎక్కడో అలాస్కాలో నడుము లోతు మంచులో ఎగిరే రీల్ చూసి, మనం 100 మిల్లీమీటర్ల స్కీ కొని, చదును చేసిన బ్లూ రన్ మీద దిగుతున్నాం.

దాని ఖరీదు ఏంటో చూడండి. 70 మిల్లీమీటర్ల స్కీలో అంచు మీ పాదం మధ్య నుంచి 35 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. 100 దాంట్లో 50. గట్టి మంచు మీద అంచు ఎక్కించాలంటే ఆ దూరమంతా మీటలా మీ చీలమండకీ మోకాలికీ ఎదురు తిరుగుతుంది. అలసట ముందొస్తుంది. అంచు ఎక్కడం ఆలస్యం అవుతుంది కాబట్టి మీరు మళ్ళీ స్కిడ్ చెయ్యడం మొదలుపెడతారు. 1993లో వచ్చిన లాభాన్ని చేతులారా వదులుకున్నట్టే.

అందుకే నా సలహా ఇది. ఫోన్‌లో మీ స్కీ ట్రాకింగ్ యాప్ ఉంటే తెరవండి, లేకపోతే గుర్తు చేసుకోండి. పోయిన సీజన్లో చివరి పది రన్‌లు ఎక్కడ దిగారు? కలలో దిగినవి వద్దు, నిజంగా దిగినవి లెక్కపెట్టండి.

పదిలో ఎనిమిది, తొమ్మిది గ్రూమ్ చేసిన దారులైతే పిస్ట్ స్కీ తీసుకోండి, 70 నుంచి 78 మధ్యలో. ఆల్ప్స్‌లో రిసార్ట్ స్కీయింగ్ చేసేవాళ్ళకి, అమెరికా తూర్పున వెర్మాంట్ లాంటి గట్టి మంచు చోట్ల వెళ్ళేవాళ్ళకి ఇదే సరిపోతుంది. అయితే రేస్ మోడల్ జోలికి వెళ్ళకండి. అది బాగా బిరుసు, తప్పు చేస్తే క్షమించదు.

పదిలో మూడు నాలుగు అయినా గ్రూమ్ చెయ్యని చోట దిగుతుంటే, కొలరాడో, యూటా వైపు తరచూ కొత్త మంచు పడే చోట ఉంటే, ఆల్ మౌంటెన్ మీదే. కానీ ఆ వర్గంలో సన్న వైపు, 80 నుంచి 88 దగ్గర ఆగండి. 100 కావాలనిపిస్తే, ఆ పౌడర్ రోజుకి మాత్రం అద్దెకి తీసుకోండి. ఏది కొనాలన్నా ముందు రెండు రకాలూ ఒకే రోజు, ఒకే రన్ మీద డెమో తీసుకుని చూడండి. రెండో రన్‌కే తేడా మీ కాళ్ళకి తెలిసిపోతుంది.

మన దేశంలో నేర్చుకుంటున్నవాళ్ళకి ఒక మాట. గుల్‌మర్గ్‌లో కింద నేర్చుకునే వాలులు వేరు, గండోలా రెండో దశ ఎక్కి చేరే అఫర్వాట్ వేరు. ఆ రెండో దశ 2005లో వచ్చింది. పైన చాలావరకు ఎవరూ చదును చెయ్యని కొండే. ఆల్ మౌంటెన్ అని పేరున్న స్కీ కొన్నంత మాత్రాన ఆ కొండ మొత్తం మనది అయిపోదు. 2023 ఫిబ్రవరిలో అక్కడ మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. వెడల్పాటి స్కీ మంచులో తేలుతుంది, కానీ మంచుచరియని ఆపలేదు. గైడు లేకుండా, బీకన్, పార, ప్రోబ్ లేకుండా, వాటిని వాడటం రాకుండా ఆ గీత దాటకండి. మీ స్నేహితులనీ దాటనివ్వకండి.

ఇదండీ సంగతి. మీరు ఏ కొండ మీద, ఎంత వెడల్పు స్కీతో దిగుతున్నారో కామెంట్లో రాయండి, కొత్తగా కొనేవాళ్ళకి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో స్కీ బూట్లు, అవి ఎందుకు అంత నొప్పి పెడతాయో, వాటి వెనక ఉన్న కథేంటో చూద్దాం. అప్పటిదాకా ఉంటాను, నమస్తే.